చేతులు ఒళ్ళో పెట్టుకోండి

2004 జూన్ 13, ఆదివారం. హాజరు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, మధ్యాహ్నం నుంచి టైపు మేడం గారు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పేజీ పైన ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాయడం నాకు ఉద్యోగంలో పట్టుబడ్డ అలవాటు. విత్తన పరీక్షా కేంద్రంలో మొలకల ట్రే తెరిచేటప్పుడు, దగ్గర ఎవరున్నారో ముందు రాసుకుని ఆ తర్వాతే మొలకలు చూసేవాళ్ళం. రిటైరయ్యాక ట్రేలు పోయాయి, పద్ధతి మాత్రం డైరీలోకి వచ్చి కూర్చుంది.

ఐదేళ్ళ తర్వాత ఈ పేజీ మళ్ళీ తీశానంటే కారణం, పోయిన వారం విన్న కబురు. బ్రాడీపేటలో మందుల షాపు దగ్గర మేడం గారి పాత విద్యార్థిని ఒకావిడ కనిపించి, మేడం గారు పోయారండీ అని చెప్పింది. నిద్రలోనే పోయారట. ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను.

నా భార్యకు మాట లేదు. గొంతులో క్యాన్సర్ అని తేలాక స్వరపేటిక తీసేశారు. పిలవాలంటే చప్పట్లు కొడుతుంది, చెప్పాలంటే పలక మీద రాస్తుంది. కబురు విన్నాక ఆమె పలక తీసుకోలేదు. కాసేపు గడప మీద కూర్చుని, లేచి వెళ్ళి కంప్యూటర్ ముందు కుర్చీ లాగి, నా వైపు తిరిగి రెండు చప్పట్లు కొట్టింది. ఏం పెట్టమంటున్నదో నాకు తెలుసు. అదేమిటో చెప్పాలంటే ముందు మేడం గారి గురించి చెప్పాలి.

ఆమెకు పేరుంది. గుంటూరులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు గనుక నేనూ రాయను. బ్రాడీపేటలో ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతున్నారని గ్రహించి, ఆ వయసులో తానే వెళ్ళి కంప్యూటర్ నేర్చుకుని వచ్చారు. హాల్లో సగం టైపు మిషన్లకు గుడ్డ కప్పి, మిగతా సగంలో కంప్యూటర్లు పెట్టారు. అయినా ఆమె టైపు మేడం గానే మిగిలిపోయారు. నేను రిటైరైన ఏడాదే, డిగ్రీ చదివే ఆడపిల్లల మధ్య నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, “సీడ్ ఆఫీసరు గారూ, ఇక్కడ మీకు మర్యాదలేం ఉండవు, ముందే చెబుతున్నా” అన్నారు. ఉండలేదు కూడా.

మొదటి రోజే ఒక అమ్మాయి కంప్యూటర్ కదలకుండా బిగుసుకుపోయింది. ఆ పిల్ల కంగారుగా దొరికిన మీటల్లా కొడుతోంది. మేడం గారు హాలు అవతలి చివర నుంచి గట్టిగా అన్నారు. “చేతులు ఒళ్ళో పెట్టుకో.”

ఆ పిల్లతో పాటు హాల్లో అందరం పెట్టుకున్నాం. నేనూ పెట్టుకున్నాను.

మేడం గారు నిదానంగా నడిచి వచ్చి వెనక నిలబడ్డారు. చివరగా ఏం చేశావని అడిగారు. ఏమీ చేయలేదంది ఆ అమ్మాయి.

“ఏమీ చేయకపోతే ఏమీ కాదమ్మా. నిన్ను తిట్టడానికి కాదు అడిగేది. చివరగా చేసింది చెప్పు, దాని ముందు చేసింది చెప్పు. అట్లా వెనక్కి నడుచుకుంటూ పోదాం.”

ఆమెది మంగళగిరి. తండ్రి మగ్గం నేసేవాడు. పోగు తెగితే ఆయన మొట్టమొదట కాళ్ళు ఆపేవాడట. కాళ్ళు ఆడుతూ ఉంటే తెగిన చోటు గుడ్డలోకి వెళ్ళిపోతుంది, ఇక దాన్ని వెతుక్కోవడం మహాకష్టం. చిన్నప్పుడు ఆ మగ్గం గుంట పక్కన కూర్చుని చూసిందే తనకు తెలిసిన కంప్యూటర్ విద్య అంతా అని ఆమె ప్రతి బ్యాచికీ చెప్పేవారు. అది పూర్తిగా నిజం కాదు. ఆమె రాత్రీ పగలూ పుస్తకాలు చదివేవారు. కానీ అలా చెప్పుకోవడం ఆమెకు ఇష్టం.

ఇళ్ళకు కూడా వచ్చేవారు. లూనా మీద, భుజానికి గుడ్డ సంచి. సంచిలో ఒక స్క్రూడ్రైవరు, కొన్ని సీడీలు, ఒక టార్చిలైటు. వచ్చి కుర్చీ వెనగ్గా వేసుకుని కూర్చునేవారు. కాఫీ ఇస్తే వద్దని, ఉప్పు వేసిన మజ్జిగ అడిగి మరీ తాగేవారు. కంప్యూటర్‌ని మాత్రం ముట్టుకునేవారు కాదు. ఎవరింటి కంప్యూటర్‌నీ ముట్టుకోలేదు. అది ఆమె నియమం. వైరు ఊడిందేమో చూడాలంటే టార్చి మన చేతికిచ్చి బల్ల కిందికి దూరమనేవారు. నడుం నొప్పి అని నేనొకసారి గొణిగితే, దుమ్ము మీది, మీరే తుడుచుకోవాలి అన్నారు.

“నేను చేసి వెళ్ళిపోతే మీరు నన్ను నేర్చుకుంటారండీ, కంప్యూటర్‌ని కాదు. ఇంకోసారి ఆగితే మళ్ళీ నా కోసం ఫోను చేస్తారు. నాకు వేరే పనుంది.”

నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. ఒక్కసారి ఒక్కటే మార్చి ఫలితం చూడడం మా కేంద్రంలోనూ ఉన్నదే. నీళ్ళూ మట్టీ విత్తనమూ మూడూ ఒకేసారి మారిస్తే మొలక ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట నేను అన్నప్పుడు ఆమె సంతోషించి, తర్వాతి క్లాసులో దాన్ని తన మాటగా చెప్పేశారు.

అంతటి ఆమె కూడా మా ఇంట్లో ఒకసారి తప్పు దారి పట్టారు. కంప్యూటర్ కొన్న కొత్తలో అది ఉన్నట్టుండి ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఏదో సాఫ్ట్‌వేర్ గొడవే అని మేడం గారు తేల్చి, రోజుకొకటి చొప్పున తీయించుకుంటూ వచ్చారు. తీసినకొద్దీ కంప్యూటర్ ఖాళీ అయింది గాని జబ్బు పోలేదు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నా భార్య గోంగూర ఒలుస్తూ గుమ్మంలో ఉంది. నాలుగు తుమ్ములు తుమ్మింది. కంప్యూటర్ ఆరిపోయింది.

“మీరేమీ అనుకోనంటే ఒక మాట,” అంది నా భార్య. “నాకు తుమ్ములొచ్చినప్పుడే అదీ ఆగుతోంది.”

మేడం గారు వెనక్కి తిరిగారు. “మీకు తుమ్ములెప్పుడు వస్తాయమ్మా?”

“వెనక సందులో కారం మిల్లు వేసినప్పుడు.”

మిల్లు మోటారు తిరగడం మొదలుపెట్టగానే మా వీధికి కరెంటు కుంగేది. బల్బు కాస్త మసకబారేది, అది మాకు అలవాటే గనుక ఎవరమూ పట్టించుకోలేదు. కంప్యూటర్ మాత్రం తట్టుకోలేకపోయేది. మేడం గారు రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకున్నారు.

“నేను చివరగా ఏం చేశానో చెప్పనా సీడ్ ఆఫీసరు గారూ? మీ ఆవిడ్ని అడగలేదు.”

కరెంటు కుంగినా కంప్యూటర్‌ని నిలబెట్టే యూపీఎస్ పెట్టాక ఆ జబ్బు పోయింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కలిసింది. మేడం గారు ఎప్పుడొచ్చినా ముందు వంటింట్లోకి వెళ్ళి, కంప్యూటర్ ఎట్లా ఉందమ్మా అని నా భార్యనే అడిగేవారు. ఎన్నడూ మౌసు పట్టని మనిషి, తుమ్ముతో రోగం కనిపెట్టిందని ఆమె బ్యాచి బ్యాచికీ చెప్పేవారట. బజార్లో ముక్కూ మొహం తెలియని అమ్మాయిలు నా భార్యను చూసి నవ్వి నమస్కారం పెడుతుంటే, ఈవిడకు చాలాకాలం ఎందుకో అర్థం కాలేదు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో ఆమెకు మూడు ప్రశ్నలుండేవి. చేసింది ఎవరు? మన చేతికి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? రేపు ఇది లేకుండా పోతే మనం దాచుకున్నది ఎట్లా బయటికొస్తుంది?

మొదటి రెండూ నాకు కొత్త కాదు. సంచి మీద ఎర్రటి మిరపకాయల బొమ్మ చూసి విత్తనం కొన్న రైతులు, కాపు రాని మొక్కలు వేళ్ళతో సహా పీక్కొచ్చి మా కేంద్రం మెట్ల మీద పడేసిన రోజులు నేను చూశాను. ఆ రోజుల్లో బ్రాడీపేటలో, అన్నీ ఉన్న సీడీ అని ఒకటి అమ్మేవారు. దాంట్లో వందల సాఫ్ట్‌వేర్లు ఉండేవి, తాళాలు పగలగొట్టి పెట్టినవి. మేడం గారు దాన్ని లూజు విత్తనం అనేవారు. ఏది కావాలన్నా నెట్ సెంటరుకు వెళ్ళి, చేసినవాళ్ళ సొంత పేజీ నుంచే తెచ్చుకునేవారు. ఇన్‌స్టిట్యూట్‌లో మూలనున్న పాత కంప్యూటర్‌లో ముందు వేసి, కొన్నాళ్ళు గమనించి, ఆ తర్వాతే మాకు చెప్పేవారు. దాన్ని ఆమె నారుమడి అని పిలిచేవారు. అది మాత్రం నా మాటే.

మూడో ప్రశ్న ఆమెకు అనుభవంలోంచి వచ్చింది. ఒక పెద్దాయన తన వ్యాసాలన్నీ ఆమె చేత తెలుగులో టైపు చేయించుకున్నాడు. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ గడువు తీరి ఆగిపోయింది. అప్పట్లో ఒకదాంట్లో కొట్టిన తెలుగు ఇంకోదాంట్లో తెరిస్తే ముళ్ళూ చుక్కలూ తప్ప కనిపించేవి కావు. మళ్ళీ కొట్టి ఇచ్చేలోపే ఆ పెద్దాయన పోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు మేడం గారి గొంతు తగ్గేది.

“లోపలికి పోయే దారి అందరూ చూపిస్తారండీ. బయటికొచ్చే దారి మనమే అడగాలి.”

2004 వేసవిలో నా భార్యకు గొంతు బొంగురుపోయింది. మామిడికాయలు తిన్నందుకనుకున్నాం. తగ్గకపోతే పరీక్షలు చేయించాం. డాక్టరు గారు దాపరికం లేకుండా చెప్పారు. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు, కానీ మాట పోతుంది.

ఆటో దిగి ఇంట్లోకి వచ్చాక ఆమె, “అయితే పాలవాడితో ఇక మీరే పోట్లాడుకోవాలి” అంది.

ఆమె గొంతు దాచాలన్న ఆలోచన నాది. కంప్యూటర్‌కి మైకు కొనుక్కొచ్చాను. దాంతో పాటు వచ్చిన రికార్డరు ఒక నిమిషం కాగానే ఆగిపోయేది. నా భార్య మాట మధ్యలో ఉండగానే అది టక్కున నిలిచేది, ఆమె నోరు తెరిచి నా వైపు చూసేది. మేడం గారికి ఫోను చేశాను. విషయం విని, రెండు రోజులాగండి అన్నారు.

రెండు రోజులూ నారుమడిలో పరీక్షలు జరిగాయి. ఎంతో బాగుందని నలుగురూ చెప్పిన రికార్డరు ఒకటి ఆమె తిరగ్గొట్టారు. అది దాచే ఫైలు దాంట్లో తప్ప ఎక్కడా తెరుచుకోదు, గడువు తీరితే అదీ తెరవదు. ఆఖరికి చూడడానికి ముతకగా ఉన్నదొకటి తెచ్చారు. బొమ్మలూ రంగులూ ఏమీ లేవు. దాని ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా పలుకుతుంది. నాచేతే వేయించి, నాచేతే ఒక ముక్క రికార్డు చేయించి, ఆ ముక్కను సీడీ మీద ఇన్‌స్టిట్యూట్‌కి పట్టుకెళ్ళి అక్కడ వినిపించాకే సరే అన్నారు. ఇంకోచోట తెరిచి చూడని కాపీని ఆమె కాపీగా లెక్కపెట్టేవారు కాదు.

రోజూ పొద్దున రికార్డింగు పెట్టుకున్నాం. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, నేను తెర ముందు కూర్చునేవాణ్ణి. శబ్దం ఎక్కువైతే ఎర్రగీత వస్తుంది, అది రాకుండా చూసుకోవాలి. ఏ రోజు ఏ విషయం మాట్లాడాలో కూడా నేనే అనుకుని పెట్టాను. మా అమ్మాయికి చెప్పాల్సినవి, మనవరాలికి చెప్పాల్సినవి, పచ్చళ్ళ కొలతలు, బంధువుల సంగతులు. ఆమె నా వెనక కుర్చీలో మైకు పట్టుకుని చెప్పేది. మేడం గారు ఒకసారి విని, సౌండు శుభ్రంగా ఉందన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “కానీ ఆవిడ ఇట్లా మాట్లాడదు గదండీ. రేడియోలో పంటల సమాచారం చదివినట్టుంది” అన్నారు. మైకు బెదురు అన్నాను నేను. ఆమె లూనా ఎక్కి వెళ్ళిపోయారు.

నాతో చెప్పదలచుకున్నది మాత్రం చివరి రోజు చెబుతానంది నా భార్య. సోమవారం పొద్దున ఆపరేషన్. ఆదివారం చీకటి పడేలోపు ఆసుపత్రిలో చేరాలి. అందుకని ఆదివారం పొద్దున దాని కోసం ఉంచాం.

శనివారం సాయంత్రం మా బావమరిది చిలకలూరిపేట పక్కనున్న వాళ్ళ ఊరి నుంచి వచ్చాడు. పత్తి వేస్తాడు. అక్క అంటే ప్రాణం. వాళ్ళ ఊళ్ళో ఎవరిదో కంప్యూటర్‌లో వైరస్ చేరి పెళ్ళి ఫొటోలన్నీ తినేసిందని విన్నాడు. అక్క గొంతు దాంట్లో ఉందని తెలుసు. దారిలో చిలకలూరిపేటలో దిగి, వైరస్‌కి మందని చెప్పి అమ్ముతున్న సీడీలు కొన్నాడు. ఆదివారం పొద్దున నేను ఆసుపత్రి కాగితాలు తీసుకురావడానికి వెళ్ళిన సమయంలో, మా పక్కింటి టీవీ మెకానిక్‌ని అడిగి అడిగి, ఆ మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేశాడు.

నేను వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న గీత ఒకటి ఆడుతోంది. అతను మీటలు నొక్కుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. పక్కన నా భార్య నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక నాకు కోపం రాలేదు, భయం వేసింది.

“ఏందిరా చేశావు?”

“మందు కొట్టా బావా. ఒక్కటే కొడితే పురుగు సావదు. మన పత్తికి కొట్టట్లా? మూడు కలిపి కొట్టా.”

కంప్యూటర్ కొన్న షాపుకి ఫోను చేశాను. ఫార్మాట్ చేయాలి, సాయంత్రం తెచ్చేయండి, రేపటికి కొత్తదానిలా ఇస్తాం అన్నారు. మరి లోపలున్నవి అన్నాను. ఫార్మాట్ అంటే అన్నీ పోతాయి సార్ అన్నారు. నేను ఫోను పెట్టేసి, మేడం గారికి చేశాను. మా బావమరిది అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. సీడీ మీదికి ఎప్పటికప్పుడు ఎక్కించుకోమని మేడం గారు చెప్పనే చెప్పారు. మొత్తం అయ్యాక ఒకేసారి వరసగా ఎక్కిద్దామని నేను ఆగాను.

మేడం గారు ఎండలో లూనా మీద వచ్చారు. తల మీద తడి తువ్వాలు. లోపలికి వస్తూనే, ఇంకా మీటలు నొక్కుతున్న నన్ను చూశారు.

“చేతులు ఒళ్ళో పెట్టుకోండి.”

పెట్టుకున్నాను. మా బావమరిదీ పెట్టుకున్నాడు. నా భార్య కుర్చీలో కూర్చుని తనూ పెట్టుకుంది. మేడం గారు మజ్జిగ అడగలేదు. షాపువాళ్ళు ఏమన్నారో నేను చెప్పాను. ఇల్లు తుడవమంటే కూలగొడతానన్నట్టుంది అన్నారామె. తర్వాత మా బావమరిది వైపు తిరిగారు. ఆమె అతణ్ణి చీల్చి చెండాడతారనుకున్నాను.

“పురుగు కనిపించిందా బాబూ?”

“లేదండి. కనిపించకముందే కొట్టా.”

“నువ్వు వేసినవి మూడూ కావలి కుక్కలు. మూడింటికీ ఒకే గుమ్మం చూపించావు. దొంగ ఎవరూ లేకపోయేసరికి ఒకదాన్నొకటి దొంగనుకుని పట్టుకున్నాయి. గుమ్మం దగ్గర పోట్లాట. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. లే, నువ్వే రా. వేసిన చేతులే తీయాలి.”

అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. అత్యవసరమైనవి మాత్రం నిద్ర లేపి, మిగతావాటిని పడుకోబెట్టి కంప్యూటర్‌ని తెరిచే పద్ధతి ఒకటుంది. ఆన్ చేస్తూనే పైవరస మీట ఒకటి కొడుతూ ఉండాలి. అతనికి మూడోసారికి గాని కుదరలేదు. తెర మీద అక్షరాలు పెద్దవిగా, రంగులు వెలిసిపోయి, ముసలి ముఖంతో కంప్యూటర్ లేచింది. చివరగా వేసింది ముందు తీయించారు. ఆపి, మళ్ళీ తెరిపించి, దాని ముందుది తీయించారు. మూడోది తీస్తానని అతను చెయ్యి పెట్టబోతే ఆపారు.

“ముందు లేస్తుందేమో చూడు. లేస్తే, అది ఎవరు చేసిందో, ఎవరిచ్చారో తీరిగ్గా అడుగుదాం.”

ఎవరిచ్చారో తేలాక దాన్ని కూడా తీయించారనుకోండి. కంప్యూటర్ మామూలు ముఖంతో లేచింది. నా భార్య పేరుతో ఉన్న పెట్టె తెరిస్తే ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఒకటి నొక్కాను. గోంగూరలో ఎండుమిరపకాయలు ఎన్ని వేయాలో ఆమె గొంతు చెప్పడం మొదలుపెట్టింది. మా బావమరిది మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మేడం గారు నన్ను ఏమీ అనలేదు. సీడీ పెట్టండి అని మాత్రం అన్నారు. అన్నీ ఎక్కించాం.

అప్పటికి బాగా పొద్దువాలింది. మిగిలింది నాతో చెప్పదలచుకున్న ఆ ఒక్కటే. నేను అలవాటుగా ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, తెర ముందు కూర్చుని మైకు వెనక్కి అందించాను. నా భార్య మైకు తీసుకోలేదు.

“మీరు అటు తిరిగి కూర్చుంటే నేనెవరితో మాట్లాడను? ఇన్నాళ్ళూ మీ వీపుతోనే చెప్పాను.”

ఎర్రగీత వస్తే ఎవరు చూస్తారన్నాను. అప్పుడు మేడం గారు లేచారు. కుర్చీ నా పక్కకు జరిపి, నా చేతి కింది నుంచి మౌసు తీసుకున్నారు. ఇంకొకరి కంప్యూటర్ మీద ఆమె చెయ్యి వేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“లేవండి. వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చోండి. ఫ్యాను వేయి బాబూ, కిటికీ తెరువు. ఈ ఇంట్లో ఆవిడ ఫ్యాను లేకుండా ఎప్పుడు మాట్లాడింది?”

ఎదురుగా కూర్చున్నాను. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. నా భార్య నన్ను చూసింది, కొంచెం నవ్వింది, తిట్టడం మొదలుపెట్టింది. పాలవాడికి చిన్న గిన్నె పెట్టమని, పెద్దది పెడితే కొలత తెలియదని. తడి తువ్వాలు తలుపు మీద వేయొద్దని. మాట పోయిందని జాలిపడి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందని అబద్ధం చెప్పొద్దని. మధ్యలో వెనక సందులో మిల్లు మోటారు మొదలైంది, ఆమె తుమ్మింది, మళ్ళీ మాట అందుకుంది. ఆ తర్వాత చెప్పినవి నాకు మాత్రమే చెప్పినవి. మా బావమరిది అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు. మేడం గారు తెర వైపు చూస్తూ, రాయిలా, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

రికార్డింగులో మాటలు అయిపోయాక కాసేపు ఫ్యాను చప్పుడే ఉంటుంది. అప్పుడు మేడం గారి గొంతు చాలా మెల్లగా వినిపిస్తుంది.

“ఆపేయమంటావా అమ్మా?”

“ఉండనివ్వండి,” అంటుంది నా భార్య.

ఇంకొంచెంసేపు ఫ్యాను. అక్కడితో ఫైలు అయిపోతుంది.

మేడం గారి ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఆమె గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు. పోయిన వారం నా భార్య రెండు చప్పట్లు కొట్టి పెట్టమన్నది ఆ చివరి ముక్కే. ఆనాటి కంప్యూటర్ పోయి రెండోది వచ్చింది, అదీ పోయి మూడోది నడుస్తోంది. ఆ ముతక రికార్డరు ఇప్పుడెక్కడా దొరకదు. ఫైలు మాత్రం నొక్కగానే తెరుచుకుంది. వినడం అయ్యాక నా భార్య పలక తీసుకుని, మళ్ళీ, అని రాసింది. మళ్ళీ పెట్టాను.

ఆ ఆదివారం చివరి ఫైలును కూడా సీడీ మీద ఎక్కించి మేడం గారు సంచిలో వేసుకున్నారు. ఇంకోచోట తెరిచి చూసి చెబుతానన్నారు. మేము ఆసుపత్రికి వెళ్ళిపోయాం. ఆనాటి పేజీ అక్కడితో ఆగింది.

మర్నాడు పొద్దున నా భార్యను చక్రాల కుర్చీలో ఆపరేషన్ గది వైపు తీసుకెళ్తున్నారు. నా చేతిలో రసీదులు, స్కానింగు కవరు, మందుల చీటీలు. ఏది ముందు అడుగుతారో తెలియక వాటిని పైవి కిందికి, కిందివి పైకి మారుస్తూ పక్కన నడుస్తున్నాను. వరండా చివర మేడం గారు కనిపించారు. సంచి భుజానికి ఉంది, చెమటతో జాకెట్టు తడిసింది. దగ్గరికి రాలేదు.

“అక్కడ కూడా పలికిందమ్మా,” అన్నారు అంత దూరం నుంచే.

నా భార్య తల ఊపింది. గది తలుపు దగ్గర కుర్చీ ఆగింది. నేను ఇంకా చీటీలు సర్దుతూనే ఉన్నాను. ఆమె తన రెండు చేతులూ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను చూసింది.

“చేతులు ఒళ్ళో పెట్టుకోండి,” అంది.

తలుపు తెరిచారు. నేను బయట బల్ల మీద కూర్చుని, కాగితాలు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. మేడం గారు వచ్చి పక్కన కూర్చున్నారు.